రెండో భాగంలో వణుకు

"తాళంచెవి ఇవ్వండి అత్తయ్యా."

అత్తగారు పలకలేదు. చెవులు పోయి చాలా కాలమైంది ఆవిడకు. ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట పట్టుకుంటుంది. అందుకే వ్యవహారం తనకు నచ్చని వైపు మళ్ళుతోందనిపిస్తే హాయిగా కళ్ళు మూసుకుంటుంది. ఇక ఇల్లు కూలినా ఆవిడకు పట్టదు.

ఇప్పుడు బీరువాకు వీపు ఆనించి, కుర్చీ వేసుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంది. తాళంచెవి గుప్పిట్లో ఉంది. బీరువాలో దుప్పట్ల కింద కోడలి ఫ్లూటు ఉంది.

కోడలు వంగి ఆవిడ భుజం తట్టింది. ఆవిడ ఒక కన్ను తెరిచింది.

"మధ్యాహ్నం రిహార్సల్ ఉంది అత్తయ్యా. అందరూ వచ్చేస్తారు. నేను లేకపోతే ఆగిపోతుంది."

"ఆగనీ. అదేమన్నా గుండెకాయా, ఆగితే కొంపలు మునగడానికి?"

"ఆ సంగీతం మీ అబ్బాయి నాకోసం రాసింది కదా."

"నీకోసమే రాశాడు. కాదన్నానా? ఆ డాక్టరు నీ గురించే చెప్పాడు, అది కాదంటావా?"

కోడలు గుమ్మం వైపు చూసింది. లోపలి గదిలో భర్త పియానో మీద ఒకే స్వరాన్ని పదే పదే కొడుతున్నాడు. అతను వినలేదు.

డాక్టరు దగ్గరకు అత్తగారిని తోడు తీసుకెళ్ళడమే కోడలు చేసిన పొరపాటు. వినిపించని మనిషి కదా, గుట్టు దాగుతుందనుకుంది. డాక్టరూ అలాగే అనుకున్నాడు. మూలన కూర్చున్న పెద్దావిడను మర్చిపోయి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. కింది పెదవిని నడిపించే నరాలు మాట వినడం మానేశాయి. వాయించడం ఇప్పుడే పూర్తిగా ఆపేస్తే మెల్లమెల్లగా దారికి రావచ్చు, రాకపోనూవచ్చు. ఇలాగే బలవంతం చేస్తూ పోతే ఫ్లూటు సంగతి దేవుడెరుగు, మాట కూడా ముద్దయిపోతుంది, గ్లాసు అంచు పెదవికి ఆనదు. ఆ డాక్టరు నున్నగా గడ్డం గీసుకునే మనిషి. అత్తగారికి ఒక్క ముక్క కూడా జారిపోలేదు.

బయటికి వచ్చాక కోడలు చేతులు పట్టుకుని బతిమాలింది, ప్రోగ్రాం అయ్యేదాకా ఆయనకు చెప్పొద్దని. అత్తగారు చెప్పనని మాటిచ్చింది. ఫ్లూటు దాచనని మాత్రం ఇవ్వలేదు. పొద్దున కోడలు స్నానానికి వెళ్ళగానే పెట్టె తీసుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం బిగించింది.

"ఒక్క ప్రోగ్రాం అత్తయ్యా. శుక్రవారం అయిపోతుంది. శనివారం నుంచి ముట్టుకోను. ఒట్టు."

"తాగేవాళ్ళందరూ ఇదే మాట అంటారు."

కోడలికి కోపం వచ్చింది. కోపంలో నోటికి ఏదొస్తే అది అనే మనిషి కాదు. కానీ రాత్రుళ్ళు నిద్ర లేదు, తిన్నది ఒంటికి పట్టడం లేదు. అనేసింది.

"మీకెందుకింత పట్టుదల? నేను వాయించిన ఒక్క స్వరమైనా విన్నారా మీరు, ఇన్నేళ్ళలో?"

అన్నాక నాలుక కరుచుకుంది. ఆవిడ రెండు కళ్ళూ తెరిచే ఉన్నాయి.

లోపల పియానో మీద ఆ స్వరం మోగుతూనే ఉంది.

"వినలేదు," అంది అత్తగారు. "నువ్వు వాయించేది ఎలా ఉంటుందో నాకు తెలియదు. నీ పెదవులు మాత్రం రోజూ వింటున్నాను. ఈ ఇంట్లో నా వైపు తిరిగి, నిదానంగా, నాకు కనబడేలా మాట్లాడేది నువ్వొక్కదానివే. నా కొడుకు మాట ఆ గడ్డం అడవి దాటి బయటికే రాదు. రేపు నీ మాట కూడా ముద్దయిపోతే నేను ఎవరిని వినాలే?"

కోడలు నేల మీద కూలబడి ఆవిడ మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. ఆవిడ గుప్పిట మాత్రం విప్పలేదు.

---

"ఏమిటి, పొద్దున్నే పంచాయితీ?"

పియానో ఆగింది. కొడుకు గుమ్మంలో నిలబడ్డాడు. చెవి మీద పెన్సిలు, వేళ్ళ నిండా రబ్బరు పొట్టు. బయట అతన్ని స్వరకర్త అంటారు. పేపర్లవాళ్ళు ముందు ఒక ‘గొప్ప’ కూడా తగిలిస్తారు. ఇంట్లో అతని పేరు రబ్బరు. రాసేదానికన్నా చెరిపేది ఎక్కువని తల్లే పెట్టింది.

"మీ అమ్మ ఫ్లూటు బీరువాలో పెట్టారు," అంది భార్య లేచి, కళ్ళు తుడుచుకుంటూ.

"ఎందుకు?"

ఆమె అత్తగారి వైపు చూసింది.

"చిన్నపిల్లల ఆటలా ఇవి?" అతను విసుగ్గా కిటికీ వైపు తిరిగి అన్నాడు. "ప్రోగ్రాం నెత్తి మీద పెట్టుకుని..."

"ఇటు తిరిగి ఏడవరా!" అంది తల్లి.

అతను ఇటు తిరిగాడు గానీ తల్లితో మాట్లాడలేదు. భార్య దగ్గరకు వచ్చాడు. అతని ముఖంలో విసుగు పోయి ఒక వెలుగు వచ్చింది. ఆ వెలుగంటే ఆమెకు ఈమధ్య భయం.

"ఇవాళ రెండో భాగం వాయిస్తున్నాం, తెలుసా? నిన్న బస్సాయన ఫోన్ చేశాడు." ఆర్కెస్ట్రా కండక్టర్‌ను మొదటిసారి చూసినప్పుడు అత్తగారు ‘ఈయనది ఏ బస్సు?’ అని అడిగింది. అప్పటినుంచీ ఇంట్లో ఆయన బస్సాయనే. "నీ కాగితాలు చదువుతుంటేనే వెన్నులో చలి పుట్టింది అన్నాడు. ఆ వణుకు ఒక్కటి చాలు, మిగతాదంతా మర్చిపోయినా ఇది గుర్తుంటుంది అన్నాడు. నాదేముంది? నువ్వు కనిపెట్టావు, నేను రాసుకున్నాను."

అబద్ధం కాదు. అతను రాసిన ఈ కాన్సెర్టోలో, అంటే ఒక్క ఫ్లూటు ముందు నిలబడి వెనక ఆర్కెస్ట్రా మొత్తంతో మాట్లాడుతూ, పోట్లాడుతూ సాగే ఆ పెద్ద రచనలో, సగానికి సగం ఆమే ఉంది. ఆర్కెస్ట్రావాళ్ళు ఆమెను ‘ఊపిరి’ అంటారు. ఆమె ఒక స్వరం పట్టుకుంటే వినేవాళ్ళకు ఊపిరి ఆడదు గానీ ఆమెకు ఆడుతుంది. ముక్కుతో పీల్చుకుంటూ, బుగ్గల్లో దాచుకున్న గాలిని ఊదుతూ, తెగకుండా లాగగలదు. వాయిస్తూనే గొంతులో సన్నగా పాడగలదు. స్వరం లేకుండా వేళ్ళతో మీటలు మాత్రం తట్టి వాన చప్పుడు చేయగలదు. అతను ఎన్నో ఏళ్ళు పక్క గదిలో కూర్చుని ఇవన్నీ విన్నాడు. ఒక్కొక్కటే రాసుకున్నాడు.

రెండో భాగం దగ్గర మాత్రం చాలాకాలం ఆగిపోయాడు. కాగితాలు చించడం, గోడలు చూడడం, కంచం ముందు కూర్చుని తినకుండా లేచిపోవడం. అలాంటి రోజుల్లో ఒక పొద్దున ఆమె అడుగు స్వరం, ఫ్లూటులో అన్నిటికన్నా కిందిది, ఊదుతుంటే కింది పెదవి తనంతట తనే వణికింది. స్వరం రెండుగా చీలింది. కింద బొంగురుగా ఒకటి, పైన సన్నగా, ఏడ్చి అలసిపోయిన గొంతులా ఇంకొకటి. ఆమె హడలిపోయి ఫ్లూటు దించింది. అప్పుడే అతను స్నానాలగదిలోంచి తల మీద షాంపూ నురగతో, తువ్వాలు చుట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"ఏమిటది? మళ్ళీ వాయించు! ఏమిటది?"

"కొత్త ప్రయోగం," అంది ఆమె.

ఆ రెండు మాటల మీద రెండో భాగం మొత్తం కట్టాడు అతను.

ఇప్పుడు కూడా ‘వణుకు’ అంటున్నప్పుడు వేళ్ళు పెదవుల ముందు అల్లల్లాడించి చూపించాడు. గడ్డం అడ్డం వచ్చినా ఆ చెయ్యి తల్లికి అర్థమైంది. ఆవిడ కుర్చీలోంచి లేచింది.

"అత్తయ్యా, వద్దు," అంది కోడలు. పెదవులు స్పష్టంగానే కదిలాయి. అత్తగారు చూసింది, చూసి కూడా ఆగలేదు.

"కనిపెట్టడమేమిట్రా? అది జబ్బు! నీ పెళ్ళానికి పెదవి చచ్చిపోతోంది, దాని మీద నువ్వు పాట కట్టావు!"

తన గొంతు ఎంత పెద్దదో ఆవిడకు తెలియదు. పక్కింటి కిటికీ రెక్క ఒకటి తెరుచుకుంది. తర్వాత మర్యాదగా మూసుకుంది.

అతను తల్లిని చూశాడు, భార్యను చూశాడు.

"అమ్మ ఏమంటోంది?"

"నిజమే అంటోంది."

"కొత్త ప్రయోగం అన్నావు నువ్వు."

"అన్నాను."

"ఎందుకలా అన్నావు?"

"మీరు నవ్వారు కాబట్టి." ఆమె గొంతు పెరగలేదు. "ఎన్నాళ్ళ తర్వాతో నవ్వారు. పెదవి వణికిందండీ, భయంగా ఉంది అని చెప్పడానికే నోరు తెరిచాను. మీ ముఖం చూశాక ఇంకోటి వచ్చింది."

"తర్వాత చెప్పొచ్చుగా."

"తర్వాత మీరు రాసేశారు."

అతను పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు. పెన్సిలు చెవి మీదనుంచి జారి కింద పడింది. తీయలేదు.

"డాక్టరు ఏమన్నాడు?"

ఆమె చెప్పింది. పూసగుచ్చినట్టు చెప్పింది. మాట ముద్దయిపోవడం గురించి చెబుతున్నప్పుడు మాత్రం కొంచెం తడబడింది. అతను తల దించుకుని విన్నాడు. అతని భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకుంది ఆమె. దగ్గరకు వెళ్ళి తల మీద చెయ్యి వేసింది.

"శుక్రవారం దాకా నిలుస్తుందా?" అన్నాడు అతను.

తలవంచుకునే అన్నాడు. మెల్లగా అన్నాడు. ఆమె చెయ్యి అతని తల మీద అలాగే ఉండిపోయింది. తీసేయాలని కూడా తోచలేదు ఆమెకు. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఈ మనిషి తిట్టలేదు, కొట్టలేదు, పరాయి ఆడదాన్ని కన్నెత్తి చూడలేదు. ఏ రోజూ ఇంతగా నొప్పి పెట్టలేదు.

తాను ఏమడిగాడో అతనికి ఆలస్యంగా తెలిసింది. తల ఎత్తాడు. ముఖం పాలిపోయింది.

"కాదు... అది కాదు నేను అనబోయింది."

"వాడేమన్నాడు?" అంది తల్లి ఆత్రంగా. ఆవిడకు కనబడింది కొడుకు నడినెత్తి మాత్రమే.

కోడలు ఆవిడ వైపు తిరిగింది. రోజూలాగే నిదానంగా, ఒక్కో మాటా కనబడేలా చెప్పింది.

"నొప్పిగా ఉందా అని అడిగారు అత్తయ్యా."

అత్తగారు ఆ పెదవుల్ని చాలాసేపు చూసింది. తర్వాత కొడుకు ముఖం చూసింది. అబద్ధాన్ని పోల్చుకుంది, ఇక తాళం దేన్నీ ఆపదనుకుంది. గుప్పిట విప్పి తాళంచెవి కోడలి చేతిలో పెట్టింది.

"వద్దు. మానేద్దాం," అంటూ లేచాడు అతను. "ఏమైతే అది అవుతుంది. ఇప్పుడే ఫోన్ చేసి చెప్పేస్తాను. నాకు నీకన్నా ఎక్కువా అది?"

బాల్కనీలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. అద్దంలోంచి కనబడుతున్నాడు. అటూ ఇటూ నడుస్తున్నాడు, నుదురు కొట్టుకుంటున్నాడు. తర్వాత నడక ఆగింది. వింటున్నాడు. తలూపుతున్నాడు. మళ్ళీ తలూపాడు, ఈసారి గట్టిగా.

లోపలికి వచ్చేసరికి అతని నడకలో బరువు లేదు.

"రెండో ఫ్లూటు వాయించే అమ్మాయి ఉంది కదా, నీ శిష్యురాలే, ఆ అమ్మాయి నీ భాగం మొత్తం నేర్చుకునే ఉందట! ఇవాళ తను వాయించి చూస్తుంది. ఇక నీకు బెంగ లేదు."

‘నీకు’ అన్నాడు. ఆ మాటకు ఆమెకు నవ్వొచ్చింది, నవ్వలేదు.

"నేనూ వస్తాను," అంది.

"నువ్వెందుకు? పడుకో కాసేపు."

"నా వణుకు ఇంకొకళ్ళ నోట్లో ఎలా ఉంటుందో వినాలని ఉంది."

బీరువా తెరిచి పెట్టె తీసుకుంది. అతను పెట్టెను చూశాడు. వినడానికి ఫ్లూటు ఎందుకని అడగలేదు. అడిగింది అత్తగారు.

"దాన్ని ఒక్కదాన్నీ ఇంట్లో వదిలేస్తే దిగులు పెట్టుకుంటుంది అత్తయ్యా."

"అయితే నేనూ వస్తాను."

"మీకు అక్కడేం వినిపిస్తుంది?"

"వినడానికి కాదు, కాపలాకి," అంటూ ఆవిడ చెప్పులు వెతుక్కుంది.

---

హాల్లో ఏసీ మరీ చల్లగా ఉంది. ముసుగులు కప్పిన ఖాళీ కుర్చీలు వరసలు వరసలుగా ఉన్నాయి. స్టేజీ మీద వయొలిన్లవాళ్ళు తీగలు సరిచూసుకుంటున్నారు. ఆమె లోపలికి రాగానే ఆ చప్పుడు కొంచెం తగ్గి, మళ్ళీ కావాలని పెరిగింది. కబురు తనకన్నా ముందే వచ్చేసిందని అర్థమైంది. రోజూ ఎదురొచ్చి పలకరించేవాళ్ళు ఇవాళ తమ వాద్యాల్లో ఏదో లోపం కనిపెట్టినట్టు వాటి మీదకు వంగిపోయారు. ఒకాయన మాత్రం ‘ఆరోగ్యం జాగ్రత్తమ్మా’ అన్నాడు. చావింట్లో మాట్లాడే గొంతుతో అన్నాడు.

శిష్యురాలు గబగబా మెట్లు దిగి వచ్చింది. ముప్పై దాటిన మనిషి. ఇప్పటికీ ఆమె ముందు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

"మేడమ్, నేను అడగలేదు. వాళ్ళే ఫోన్ చేశారు. మీ భాగం ఊరికే నేర్చుకున్నాను, ఇష్టంకొద్దీ. మీ మీద ఒట్టు."

"తెలుసమ్మా. మెడ వంచకు. ఊపిరి నొక్కుకుంటుంది. వెళ్ళు."

అత్తాకోడళ్ళు ముందు వరసలో కూర్చున్నారు. అతను స్టేజీ మీద, బస్సాయన పక్కన కుర్చీ వేసుకుని, పెన్సిలు మళ్ళీ చెవి మీద పెట్టుకుని, మోకాళ్ళ మీద కాగితాలు పరుచుకున్నాడు. మొదటి భాగం మొదలైంది.

బాగా వాయించింది ఆ అమ్మాయి. బాగా వాయించకపోతే బాగుండునని ఆమె ఒక్క క్షణం అనుకున్న మాట నిజం. మీటల మీద వాన చప్పుడు వచ్చింది. గొంతులో సన్నటి పాట వచ్చింది. ఊపిరి తెగకుండా లాగే చోట ఇంకో ఊపిరి తీసుకుంది గానీ దాన్ని తెలివిగా దాచింది. ఆమెకు తన బట్టలు వేరొకరు వేసుకుని ఎదురుగా తిరుగుతున్నట్టు అనిపించింది. అవి ఆ అమ్మాయికి సరిపోయాయి కూడా.

"ఎలా ఉంది?" అంది అత్తగారు. గుసగుస అనుకునే అంది. స్టేజీ మీద ఇద్దరు తలలు తిప్పి చూశారు.

"బాగుంది అత్తయ్యా."

తర్వాత రెండో భాగం వచ్చింది.

వెనక వయొలిన్ల తీగలన్నీ ఒకే స్వరం మీద నిలబడిపోవాలి. దాని మీద ఫ్లూటు ఒంటరిగా అడుగు స్వరం పట్టుకుని, వణికి, రెండుగా చీలాలి. శిష్యురాలు పట్టుకుంది. పొట్ట బిగించి గాలిని కుదిపింది. స్వరం ఊగింది, తప్పులేకుండా, సమానంగా, మేకపిల్ల అరిచినట్టు ఊగింది.

"ఆపండి," అన్నాడు స్వరకర్త. లేచి ఆ అమ్మాయి దగ్గరకు వెళ్ళాడు. "అలా కాదమ్మా. మరీ శుభ్రంగా ఉంది. అది నువ్వు చేస్తున్నట్టు ఉండకూడదు. నీకే తెలియకుండా జరిగిపోతున్నట్టు ఉండాలి. అదుపు తప్పినట్టు."

మళ్ళీ వాయించింది. మళ్ళీ మేకపిల్లే. ఇంకోసారి. ఇంకోసారి. ఆ అమ్మాయి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"సార్, కావాలని అదుపు తప్పడం ఎలాగో నాకు తెలియట్లేదు. తప్పకుండా ఉండడమే నేర్పించారు మేడమ్ నాకు."

ఎవరూ నవ్వలేదు. బస్సాయన తాళం చూపించే కర్ర దించి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పెద్దమనిషి, చెడ్డవాడు కాదు. కానీ శుక్రవారం ముందుంది. ఆయన ముందు వరస వైపు చూశాడు. ఆమె ఒళ్ళోని పెట్టెనూ చూశాడు.

"తప్పుగా అనుకోకండి... వాయించమని కాదు. ఆ ఒక్క స్వరం. ఆ అమ్మాయి వింటే పట్టుకుంటుంది. ఒక్కసారి చూపిస్తే చాలు."

ఆమె భర్త వైపు చూసింది.

వద్దు అంటాడని చూసింది. ఒక్క మాట. పొద్దున బాల్కనీలోకి వెళ్ళే ముందు అన్న మాటే మళ్ళీ అంటే చాలు, పెట్టె మూసుకుని ఇంటికి వెళ్ళిపోయేది. అతను అక్కడే, శిష్యురాలి పక్కనే నిలబడి ఉన్నాడు. చేతిలోని కాగితాన్ని చూస్తున్నాడు. ఆ పేజీ అతనికి కంఠతా వచ్చు. అయినా చూస్తూనే ఉన్నాడు.

ఆమె లేచింది. అత్తగారు చెయ్యి పట్టుకుంది.

"ఒక్క స్వరమే అత్తయ్యా."

"ఎవరు అడిగారు? వాడా?"

"కాదు," అంది ఆమె. "ఆయన ఏమీ అనలేదు."

మెట్లెక్కింది. శిష్యురాలు పక్కకు తప్పుకుంది. పెట్టె తెరిచి మూడు ముక్కలూ బిగించి, ఫ్లూటును కింది పెదవికి ఆనించుకుంది. లోహం చల్లగా తగిలింది, అదీ పెదవికి ఒక పక్కనే. రెండో పక్క ఏమీ తెలియలేదు. నిన్న తెలిసింది.

బస్సాయన కర్ర ఎత్తాడు. తీగలు ఆ ఒక్క స్వరం మీద నిలబడ్డాయి. ఆమె ఊదింది.

పెదవి వణికింది. స్వరం చీలింది. కింద బొంగురుగా, పైన సన్నగా. శిష్యురాలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వెనక వయొలిన్లలో ఒకామె తల దించేసుకుంది. తర్వాత పైనున్న సన్నని స్వరం ఆరిపోయింది. కిందది గరగరమని, అదీ పోయింది. వేళ్ళు మీటల మీద ఉండాల్సిన చోటే ఉన్నాయి. ఊపిరి వస్తూనే ఉంది. పెదవి మాత్రం లేదు. హాల్లో వట్టి గాలి చప్పుడు మిగిలింది.

బస్సాయనకు కర్ర దించాలని కూడా తోచలేదు. తీగలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆమె ఇంకా ఊదుతూనే ఉంది. ఆ గాలి చప్పుడు ఒక్కటే చాలాసేపు వినిపించింది. వినేవాళ్ళకు ఊపిరి ఆడలేదు.

అప్పుడు ఆమె భర్తను చూసింది. అతని కళ్ళ నిండా నీళ్ళున్నాయి. నిజమైన కన్నీళ్ళే, ఆమెకు సందేహం లేదు. ఆ కళ్ళల్లో పొద్దున చూసి భయపడ్డ వెలుగు కూడా ఉంది. అతని చెయ్యి చెవి మీదకు వెళ్ళింది. పెన్సిలు తీసుకుంది. ఆ స్వరం ముగిసే చోట, కాగితం మీద, ఏదో గీసింది.

ఆమె ఫ్లూటు దించింది.

"రాసుకున్నారా?"

అతను ఉలిక్కిపడ్డాడు. పెన్సిలు గుప్పిట్లో దాచబోయాడు.

"లేదు."

అబద్ధమాడడం ఎప్పుడూ చేతకాదు అతనికి. చెవులు ఎర్రబడ్డాయి. పక్కనున్న శిష్యురాలు ఆ కాగితం చూసి, గబుక్కున కళ్ళు తిప్పుకుంది.

"పోనీ, సరిగ్గా వినండి." ఆమె మాట చివర కొంచెం ముద్దగా వచ్చింది. అతను గమనించాడో లేదో. "ఇది మళ్ళీ రాదు. తర్వాత మీ రబ్బరుకు కూడా పోదు." బస్సాయన వైపు తిరిగింది. "మొదటి నుంచీ తీసుకోండి. మూడు భాగాలూ నేనే వాయిస్తాను."

"అమ్మా, వద్దు..." అన్నాడు ఆయన.

"కర్ర ఎత్తండి."

భర్త ఒక అడుగు ముందుకు వేశాడు. నోరు తెరిచాడు. ఏమీ అనకుండానే మళ్ళీ మూశాడు.

కింద ముందు వరసలో అత్తగారు లేచి నిలబడి ఉంది. ఎవరు ఏమన్నారో ఆవిడకు సగమే అందింది. కోడలి చివరి మాటలు ఆ పెదవుల మీద చదవలేకపోయింది. కోడలి మాట చదవలేకపోవడం ఆవిడకు ఇదే మొదటిసారి. "ఏమందిరా? ఏమంది?" అని స్టేజీ వైపు అడిగింది. ఎవరూ ఆవిడ వైపు తిరిగి చెప్పలేదు.

కోడలు ఫ్లూటును మళ్ళీ పెదవికి ఎత్తుతోంది.

అత్తగారు మెల్లగా కూర్చుని కళ్ళు మూసుకుంది.